ట్రాక్టరు పట్టే ఇల్లు

ఇల్లు కొనేవాళ్లు వంటగది చూస్తారు, బోరులో నీళ్ల సంగతి అడుగుతారు. పల్నాడు రైతు ముందు గేటు కొలుస్తాడు. ట్రాక్టరూ, దాని వెనక ట్రక్కూ లోపలికి రావాలి కదా! అమెరికాలో ఇంటినే చక్రాల మీద పెట్టుకు తిరిగే ‘ఆర్‌వీ’ బండ్లున్నవాళ్లదీ ఇదే తిప్పలు.

గురజాల, మాచర్ల వైపు పాత ఇళ్లకు ఈ బెంగ లేదు. ఎడ్లకూ బండికీ విడిచిన దొడ్డి ఉండేది. అన్నదమ్ములు పంచుకుంటే మాత్రం ఆరు సెంట్ల దొడ్డి మూడేసి సెంట్లవుతుంది. అంటే ఒక్కొక్కరికి 145 గజాలు. మధ్యలో గోడ లేస్తుంది, బండి వీధిన పడుతుంది. ఆ తర్వాత బ్యాటరీ భయం ఒకటి, పక్కింటివాళ్లతో మాటామాటా ఒకటి.

పిల్లల చదువులకని నరసరావుపేట చేరేవాళ్లది మరో అవస్థ. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన ఊరిది. గేటు పన్నెండు అడుగులున్నా వీధి ఇరుకైతే ఏం లాభం? ట్రక్కు తగిలించి వెనక్కి నడపడం అసలే చిక్కు. స్టీరింగు ఒకవైపు తిప్పితే ట్రక్కు రెండోవైపు పోతుంది. మురుగుకాలువ మీద నాపరాయి పరిచి సరిపెట్టుకుంటే, లోడుబండి ఎక్కిన రోజున అది విరుగుతుంది. అక్కడ ఇనుము వేసి కాంక్రీటు పోయాల్సిందే.

ఇల్లాలు మరో గది అడుగుతుంది, ఆయన రేకుల షెడ్డు అంటాడు. చాలాసార్లు షెడ్డే గెలుస్తుంది. అలాగని ఆమెకు పూర్తిగా నష్టమేమీ లేదు. మిర్చి కోతలప్పుడు అది బస్తాల కొట్టు. ఇంట్లో శుభకార్యమైతే ట్రాక్టరును బయటపెట్టి, నేల కడిగి, అక్కడే బంతులు వేస్తారు.