మడమ చెప్పిన కబురు

కిందపడ్డ మనిషిని చూస్తే మనవాళ్ళ చేతులు వూరుకోవు. ఒకరు చంకల కింద చేతులు వేసి కూర్చోబెడతారు. ఒకరు మంచినీళ్ళు పట్టిస్తారు. మరొకరు ఆటో పిలిచి, మడతమంచాన్ని మడిచినట్టు మనిషిని మడిచి అందులో కుక్కుతారు. ఇదంతా దయే, కాదనను. కాని ఈ దయవల్ల ఒక్కొక్కప్పుడు కాళ్ళు చచ్చుబడే ప్రమాదం వున్నదని మా తోడల్లుడిగారి వుదంతంతో నాకు బోధపడింది.

ఆయన మేడమీద నీళ్ళ టాంకు చూడబోయి, నిచ్చెన జారి, పన్నెండడుగుల పైనుంచి నిటారుగా కాళ్ళమీద పడ్డారు. రక్తం చుక్క రాలలేదు. "మడమ! మడమ!" అని ఒకటే కేక. అంబులెన్సువాళ్ళు మాత్రం ఆయన్ని లేవనివ్వలేదు. మెడకి పట్టీ వేసి, బల్లమీద కదలకుండా పడుకోబెట్టి తీసుకువెళ్ళేరు.

డాక్టరుగారు మడమ చూసి, "వెన్నెముకకి కూడా స్కానింగు తీయాలి" అన్నారు. మా మరదలు అగ్గిమీద గుగ్గిలమయింది.

"దెబ్బ తగిలింది కాలికి. వీపుకి పరీక్ష యెందుకు, బావగారూ? బిల్లు పెంచడానికి కాకపోతే!"

డాక్టరుగారు కోప్పడలేదు. "అమ్మా, అంత యెత్తునుంచి కాళ్ళమీద పడితే ఆ తాకిడి మడమ దగ్గర ఆగదు. మోకాళ్ళూ తుంటీ దాటి వెన్నులోకి యెక్కుతుంది. ఇలా మడమ విరిగి వచ్చినవాళ్ళలో సుమారు పదిమందికి ఒకరికి నడుం పూస కూడా విరుగుతుంది. మడమనొప్పి గోలలో నడుంనొప్పి రోగికే తెలియకపోవచ్చు" అన్నారు.

తీసి చూస్తే, నడుము మొదటి పూస నలిగివున్నది! మరదలు మరి మాట్లాడలేదు.

వెన్నెముకలో పూసలు 33. మెడకు 7, ఛాతీ వెనుక 12, నడుముకు 5. అడుగున వున్న 9 ఒకదానితో ఒకటి అతుక్కుని వుంటాయి. పక్కటెముకల ఆసరాతో బిగిసివున్న ఛాతీభాగమూ, సులువుగా వంగే నడుమూ కలిసేచోటే విరగడం యెక్కువట. వెన్నుపాము ముగిసేది కూడా అక్కడే. పెంకుముక్క ఒకటి వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కితే కాళ్ళూ మూత్రమూ స్వాధీనం తప్పవచ్చు.

విరిగిన వెన్ను తరచు తోడు తెచ్చుకుంటుంది. తలకి గట్టిదెబ్బ తగిలితే మెడ చూడాలి. ఛాతీ పూసలు విరిగితే పక్కటెముకలూ ఊపిరితిత్తులూ చూడాలి. నడుంపూసల పక్కకొమ్ములు విరిగితే మూత్రపిండాలు చూడాలి. కారు బెల్టు తుంటి ఎముకలమీద కాక పొట్టమీదుగా పెట్టుకున్నవారికి, బండి గుద్దుకున్నప్పుడు పూస అడ్డంగా చీలి, లోపల పేగులు చితకవచ్చు. అటువంటి చీలికను 1948లో ఛాన్స్ అనే ఇంగ్లీషు ఎక్స్‌రే డాక్టరు వర్ణించేరు. దానికి ఆయన పేరే స్థిరపడింది. ఒకచోట పూస విరిగితే దూరాన మరొకటి కూడా విరిగివుండవచ్చు కనుక మొత్తం వెన్నంతా చూస్తారు.

పక్క మంచంమీద తాటిచెట్టునుంచి పడ్డ గీతకార్మికుడు వుండేవాడు. స్నేహితులు అతణ్ణి మోటారుసైకిలుమీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని తెచ్చేరు. కాళ్ళు కదలడంలేదు. పడ్డప్పుడే పోయాయో, దారిలో పోయాయో చెప్పలేమన్నారు డాక్టరుగారు. తెచ్చినవాడొకడు వరండాలో కూర్చుని, ఆ ప్రశ్నే వచ్చినవారినల్లా అడుగుతూండేవాడు. అతనికి జవాబు చెప్పడానికి యెవరికీ నోరు రాలేదు.

మా తోడల్లుడిగారికి ఆపరేషను అవసరం పడలేదు. మూడు నెలలు నడుముకు పట్టా కట్టుకుని లేచి నడిచేరు. మడమే ఇంకా సలుపుతున్నది.

108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005లో మొదలయింది. సాయం చేసినవారిని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చేరు. కనుక భయపడి తప్పుకోనక్కరలేదు. మంటలో, బళ్ళ దారిలో పడివుంటే తప్ప మనిషిని కదపవద్దు. నీళ్ళు పట్టవద్దు. ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా పక్కన కూర్చుని ధైర్యం చెప్పాలి. అప్పటికీ చేతులు వూరుకోకపోతే, తల అటూ యిటూ కదలకుండా పట్టుకోవడానికి వాటిని వినియోగించవచ్చు.