అండమాన్ ట్రంక్ రోడ్డు వెంట

అండమాన్ ట్రంక్ రోడ్డు పోర్టుబ్లెయిర్ దగ్గర మొదలై ఉత్తరాన డిగ్లీపూర్ వరకు సుమారు 330 కిలోమీటర్లు సాగుతుంది. పోర్టుబ్లెయిర్‌ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. భారత ఫలకం బర్మా ఫలకం కిందికి జారే చోట అండమాన్ దీవులు సముద్రంలోంచి పైకి లేచాయి. దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం బారెన్ దీవి. అది పోర్టుబ్లెయిర్‌కు ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1991లో మళ్లీ మేల్కొన్న ఆ దీవి మీద యాత్రికులను దిగనివ్వరు. పిల్లాపాపలతో వచ్చినవారు భూమి లోపలి కదలికను నడిచి వెళ్లి చూడగలిగేది ఈ రోడ్డు పక్కనే.

ఎక్కడికి వెళ్లినా తెల్లవారుజామునే బయల్దేరాలి. విశాఖ కంటే తొమ్మిది డిగ్రీలు తూర్పున ఉన్నా ఇక్కడా అదే గడియారం కాబట్టి, శీతాకాలంలో సాయంత్రం అయిదుకే పొద్దుగుంకుతుంది.

జిర్కాటాంగ్ దాటితే జరవా ఆదిమ తెగవారి రక్షిత అటవీ ప్రాంతం. ఇక్కడి నుంచి వాహనాలు పోలీసుల కాపలాతో కాన్వాయ్‌గా కదులుతాయి. ఆగడం, ఫొటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నిషేధం. ఆదిమ తెగల రక్షణకు 1956లోనే చట్టం వచ్చింది. ఈ అడవిలో రోడ్డు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా బళ్లు నడుస్తూనే ఉన్నాయి. ఈ భాగాన్ని విహారంగా లెక్కపెట్టకూడదు. ఇది మరొకరి ఇల్లు. కిటికీలోంచి మనుషుల కోసం వెతకవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. వీలైనవారు ఉత్తరానికి ఓడలో వెళ్లడమే మేలు.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బళ్లూ మనుషులూ ఒకే పడవ మీద జలసంధి దాటి బారాటాంగ్ చేరతారు. జెట్టీ నుంచి కొద్ది దూరం వాహనంలో వెళ్లి, చిన్న ఎక్కుడు దారిలో నడిస్తే బురద అగ్నిపర్వతం వస్తుంది. పేరు విని నిప్పులు ఆశిస్తే నిరాశే. అడుగున పూడిపోయిన సేంద్రియ పదార్థం కుళ్లి పుట్టిన వాయువులు నీటినీ మెత్తని మట్టినీ పైకి నెడతాయి. అది బూడిదరంగు బురదగా బుడగలు కడుతూ, ఆరిపోయి, పగుళ్లు తీస్తూ దిబ్బగా పేరుకుంటుంది. చాలా రోజులు ఇంతే, నెమ్మదిగా. భూమి కదిలితే మాత్రం తీరు మారుతుంది: 2004 డిసెంబరు భూకంపం తర్వాత ఇది ఉవ్వెత్తున ఎగజిమ్మింది, 2025 అక్టోబరులో మరోసారి పొంగితే సందర్శన ఆపేశారు. అందుకే కంచె దాటకూడదు, వెళ్లేముందు అనుమతి ఉందో లేదో కనుక్కోవాలి.

బారాటాంగ్‌లోనే సున్నపురాయి గుహలున్నాయి. మడ అడవుల మధ్య ఇరుకు పాయలో స్పీడ్‌బోటు మీద నయాడేరా చేరి, పొలాల పక్కగా ఒకటిన్నర కిలోమీటరు నడవాలి. వాననీరు రాతిని కరిగించి, తిరిగి సున్నాన్ని విడిచిపెట్టగా మర్రి ఊడల్లాంటివి పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. చేయి తగిలితే వాటి పెరుగుదల ఆగిపోవచ్చు. టార్చిలైటు, జారని చెప్పులు తప్పనిసరి.

తర్వాత వంతెన మీదుగా మధ్య అండమాన్. రంగత్ దాటాక ధనీనల్లా దగ్గర మడచెట్ల నడుమ దాదాపు 700 మీటర్ల చెక్క నడకదారి ఉంది. పెద్దలకూ చిన్నపిల్లలకూ అన్నిటికంటే తేలికైనది ఇదే. పాయల్లో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి కాబట్టి నీటిలోకి దిగరాదు.

మాయాబందర్ మీదుగా ఉత్తర అండమాన్‌లోకి వెళ్తే డిగ్లీపూర్. ఏరియల్ బే జెట్టీ నుంచి పడవలో రాస్, స్మిత్ జంట దీవులకు వెళ్లవచ్చు. వాటిని కలిపే ఇసుక తిన్నె పోటు సమయంలో మునిగిపోతుంది కనుక ఆటుపోట్ల వేళలు తెలుసుకుని బయల్దేరాలి. కాలీపూర్ తీరానికి శీతాకాలపు రాత్రుల్లో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ సిబ్బంది వెంట ఉంటేనే చూడాలి, లైట్లు వేయకూడదు. దగ్గర్లోని శ్యామ్‌నగర్‌లోనూ బురద అగ్నిపర్వతాలున్నాయి. 732 మీటర్ల శాడిల్ పీక్ అండమాన్ దీవుల్లో అత్యున్నత శిఖరం. లామియా బే నుంచి పైకి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దారి. మొదటి భాగం ఒడ్డు వెంటే సాగుతుంది. చిన్నపిల్లలున్న కుటుంబాలు అక్కడివరకు నడిచి వెనుదిరగవచ్చు. ఆపైన నిట్టనిలువు ఎక్కుడు.