గింజ పగలకూడదు

మా ఎడిటరుగారు అడిగింది వేరు. వేసవి సంచికకి జుట్టు మీద పది మూలికా చిట్కాలు రాసిమ్మన్నారు. ఆ పదీ ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, మీకూ తెలుసు. మందారాకు, మెంతులు, గుంటగలగర, కరివేపాకు, ఉసిరి. ఏటా అవే. వరస మారుతుంది, పక్కన వేసే అమ్మాయి బొమ్మ మారుతుంది. రాయనన్నాను. రాయనంటే ఊరుకునే మనిషి కాదు కనక, కుంకుళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో చూసొచ్చి రాస్తాను, బస్సు ఖర్చులిప్పించండి అన్నాను. మా పిన్ని కూతురు పాడేరు దగ్గర టీచరు. వాళ్ల బడికి కాస్త అవతల ఊళ్లో ఆడవాళ్ల సంఘం ఒకటి కుంకుడు, శీకాయ పొడులు చేస్తోందని, వచ్చి చూడమని చాన్నాళ్లుగా పోరుతోంది. అలా కుదిరింది.

ఘాట్ రోడ్డు మలుపులూ పొగమంచూ చాలామంది రాశారు, నేను రాయను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దాని కేంద్రమయ్యాక బోర్డులు పెరిగాయి. రోడ్డు దిగి లోపలికి వెళ్తే ఊళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. శివరాత్రి వెళ్లిన రోజులు. ఏ వాకిట్లో చూసినా పరదా పట్టాల మీద కాయలు ఎండుతున్నాయి.

సంఘం అధ్యక్షురాలు చురుకైన మనిషి. రేకుల షెడ్డు, పొడి కొట్టే మర, తూకం, రిజిస్టరు, కొత్తగా అచ్చేయించిన లేబులు, అన్నీ వరసగా చూపించాలని ఆవిడ ముచ్చట. మర దగ్గరికి వెళ్లేసరికి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. కుంకుడు ధూళి, శీకాయ ధూళి ముక్కులో పడితే ఎంత మొండివాడైనా నిలబడలేడు. కాయకి నురుగునిచ్చే సపోనినే ముక్కు లోపలి పొరని కూడా గీరుతుంది. అక్కడ పనిచేసే అమ్మాయిలు కొంగు మూడు మడతలు వేసి ముక్కుకి కట్టుకున్నారు. నేను తుమ్ముతూ బయటపడ్డాను. అదే మంచిదైంది. బయట అరుగు మీద ఒక పెద్దావిడ కుంకుళ్లు కొడుతోంది. ఆ పూటంతా అక్కడే కూర్చుండిపోయాను.

అరవై దాటి ఉంటాయి. ముందు బల్లపరుపు రాయి, చేతిలో పిడికిట్లో పట్టే గుండ్రాయి, కుడిపక్క చేట, వెనక గోనె. ఎడమచేత్తో కాయని తొడిమ పైకొచ్చేలా నిలబెడుతుంది. కుడిచేత్తో టక్కున ఒక్క దెబ్బ. గట్టిగా కాదు. రాయి బరువే పని చేస్తుంది, ఆవిడ చెయ్యి దాన్ని సమయానికి ఆపుతుంది. తొక్క విచ్చుకుంటుంది, నల్లటి గింజ నిగనిగలాడుతూ దొర్లిపోతుంది. బొటనవేలి గోటితో లోపలి పొరని లాగి పారేస్తుంది. తొక్కని ఎండకేసి ఒక్క క్షణం ఎత్తుతుంది. వెలుతురు ఎర్రగా లోపల్నుంచి తొంగిచూసిందా, చేటలోకి. నల్లగా మొద్దుబారి ఉందా, వెనక గోనెలోకి. నేను వాక్యం రాసుకునేలోపు నాలుగైదు కాయలు అయిపోతున్నాయి. ఆవిడ రాయి వంక చూడటం లేదు, దారిన పోయే మేకల్ని చూస్తూ తిడుతోంది.

"ఆ నల్లటివి పనికిరావా అమ్మా?" అన్నాను.

"నిరుటివి. వానకాలం చెమ్మ తాగేసినాయి. నురుగు రాదు, వాసన మాత్రం వస్తాది."

నిజమే. కుంకుడు తొక్క గాలిలోని తేమని ఇట్టే పీల్చుకుంటుంది. శ్రావణం వచ్చేసరికి డబ్బాలో జిగురుగా అతుక్కుపోయిన కుంకుళ్లు మనందరికీ తెలిసినవే. బూజు పట్టేది కూడా వాటికే.

"గింజతో సహా మరలో పోసేస్తే పనైపోదా?" అని మళ్లీ అడిగాను. ఆవిడ రాయి ఆపింది.

"గింజ పగలకూడదమ్మా. గింజలో నూనుంటాది. నూనె దిగితే నురుగు సచ్చిపోద్ది. పొడి నెల తిరక్కుండా ముక్కిపోద్ది. బజార్లో అలాంటిదే అమ్ముతారు మరి."

కుంకుడు మీద ఎన్నో వ్యాసాలు చదివాను. గింజ సంగతి ఒక్కరూ రాయలేదు. శీకాయదీ ఇలాంటి సంగతే. కాయ చేతిలో వేసుకుని ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి. అప్పటిదాకా ఎండలోంచి తియ్యరు. మెత్తగా ఉండగా మరలో పోస్తే పొడి ఉండకట్టి, ప్యాకెట్టులోనే కుళ్లుతుంది. వీటికి కొలతలు రాసిన కాగితం లేదు. వేలికీ చెవికీ కంటికీ తెలుస్తుంది, అంతే.

మధ్యాహ్నం తూకం దగ్గర గొడవ. ఊళ్లోంచి ఒక నడివయసు మనిషి రెండు మూటలు దించింది. సంఘానికి ఇవ్వాళ డబ్బు లేదు, వచ్చే వారం ఇస్తామన్నారు. అయితే సంతలో షావుకారుకే వేసేస్తానంది. షావుకారు తరుగు తీస్తాడు కదా అని అధ్యక్షురాలు నచ్చజెప్పబోయింది. అప్పుడా మనిషి అన్న మాట రాసుకున్నాను: "ఎండబెడితే బరువు తగ్గిపోద్ది. పచ్చిదానికీ ఎండిందానికీ, ఏరిందానికీ ఏరందానికీ ఒకటే రేటంటే, నానెందుకేరాల?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నా దగ్గరా లేదు. కిలో లెక్కన కొనేచోట వారం రోజులు ఎండబెట్టిన మనిషి నష్టపోతుంది, చెమ్మతో తెచ్చిన మనిషి బాగుపడుతుంది. ఇసకా తొడిమలూ ఏరిపారేసిన మనిషి తన చేతులతో తన కూలీనే పారేసుకుంటుంది. దీనికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. పనితనానికి జరిమానా వేసే తూకం ఉన్నచోట పనితనం ఎన్నాళ్లుంటుంది? మూలికా జ్ఞానం అంతరించిపోతోందని సభల్లో వాపోతుంటాం. ఎవరూ మరిచిపోలేదు. అరుగు మీది పెద్దావిడకి అంతా గుర్తుంది. ఆ జ్ఞానానికి రేటు లేదు, అంతే.

శీకాయ తీగ సంగతి మరీ అన్యాయం. అది ఒళ్లంతా ముళ్లున్న పాకుడు మొక్క. పెద్ద చెట్ల నెత్తికెక్కి కాస్తుంది. కొక్కెం కర్రతో కొమ్మకొమ్మనీ దులుపుకుంటే తీగ బతుకుతుంది, పూటంతా పడుతుంది, చేతులు గీరుకుంటాయి. మొదలు దగ్గర కత్తివేటు వేసి తీగనే కిందికి లాగేస్తే గంటలో పని. వచ్చే ఏడు ఆ చోట కాయ ఉండదు. ఎలా కోసినా కిలోకి వచ్చేది అంతే అయినప్పుడు కత్తివేటే గెలుస్తుంది. కాఫీ తోటల్లో నీడకి సిల్వర్ ఓక్, దాని మీదికి మిరియాల తీగ వచ్చాక ఈ ముళ్ల తీగని ఎవరూ ఉంచుకోవడం లేదని అధ్యక్షురాలు చెప్పింది. ఆవిణ్ణీ తప్పు పట్టలేం. మిరియాలు డబ్బులిస్తాయి.

చట్టాలు లేక కాదు. గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం న్యాయమైన ధరకి కొనాలనే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. 1996 నాటి పెసా చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభది అంది. 2006 అటవీ హక్కుల చట్టం వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు అడవిలో బతికేవాళ్లదేనంది. హక్కు కాయ మీద ఇచ్చారు, బాగుంది. కాయ మీద పెట్టిన పని మాటేమిటి? ఎండిన కాయకి ఒక ధర, ఏరిన కాయకి ఒక ధర, గింజ తీసిన తొక్కకి ఒక ధర, తీగ నరక్కుండా కోసినదానికి ఇంకో నాలుగు రూపాయలు. కాఫీ గింజకి, జీడిపప్పుకి గ్రేడులు కట్టగలిగినవాళ్లకి ఇదేమీ చేతకాని పని కాదు.

సాయంత్రం అధ్యక్షురాలి ఇంట్లో నూనె కాచారు. గుంటగలగరాకు రసం, ఆకు ముద్ద, నువ్వులనూనె. పట్నం నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒకాయన అంత శ్రమెందుకని, నూనెలో ఆకుపచ్చ రంగూ సెంటూ కలిపే పద్ధతి నేర్పి వెళ్లాడట. అధ్యక్షురాలి అత్తగారు దాన్ని ఒప్పుకోలేదు. సన్నసెగ మీద కాస్తూ, మధ్యమధ్య గరిటెతో ముద్ద కాస్త తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తోంది. వత్తిలా సాగాలి. దాన్ని నిప్పు మీద వేస్తే చిటపటమనకూడదు. అంటే చెమ్మ పోయినట్టు. చెమ్మ మిగిలితే నూనె పాడవుతుంది, ఎక్కువ కాగితే ముద్ద మాడి గుణం పోతుంది. ఆయుర్వేద గ్రంథాలు తైలపాకానికి చెప్పిన గుర్తులు సరిగ్గా ఇవే. నూనె పాకానికి వచ్చేటప్పుడు నురుగు పుడుతుందనీ, నెయ్యికైతే నురుగు అణుగుతుందనీ కూడా చెప్పాయి. ఆ అత్తగారు ఏ గ్రంథమూ చదవలేదు. నురుగు తేలగానే కట్టె వెనక్కి లాగింది.

ఇంతా చూశాక అందరిలాగే నేనూ షాంపూలని తిట్టాలి. తిట్టలేను. అరుగు మీది పెద్దావిణ్ణి, మీరు తలకి ఏం పోసుకుంటారని అడిగాను. ఆవిడ నవ్వి రూపాయి ప్యాకెట్టు అంది. "ఇదా? దీనికి రెండు బిందెల నీళ్లు కావాల. గెడ్డకాడ్నించి ఎవులు మోస్తారు?" కుంకుడు రసం తలలోంచి పూర్తిగా పోవాలంటే నీళ్లు ధారాళంగా ఉండాలి. ముందు నూనె పట్టించాలి, లేకపోతే జుట్టు పీచులా తయారవుతుంది. రసం కంట్లో పడకుండా ఒకరు పట్టుకోవాలి, ఒకరు పొయ్యాలి. ఆరబెట్టి సాంబ్రాణి వెయ్యాలి. పండగనాడు తలంటంటే సగం పూట, ఆ సగం పూటా ఆడవాళ్లదే. 1983లో కడలూరు నుంచి చిక్ షాంపూ చిన్న ప్యాకెట్లు బయల్దేరాక ఊరూరా అవి ఎందుకు పాకాయో ఇక్కడ అర్థమవుతుంది. కూలికి వెళ్లే మనిషికి పొద్దున్నే పావుగంటలో తలస్నానం అయిపోయింది. అది చిన్న మేలు కాదు. మళ్లీ రాళ్లు పట్టుకుని కుంకుళ్లు కొట్టుకోండని వాళ్లకి చెప్పే హక్కు నాకు లేదు.

కుంకుడుకి లేని గొప్పలు అంటగట్టడమూ నాకిష్టం లేదు. అది తెల్లజుట్టుని నల్లబరచదు, పోయిన జుట్టుని మొలిపించదు. మురికినీ జిడ్డునీ వదిలిస్తుంది. బోరు నీళ్లలోని సున్నంతో కలిసి సబ్బులా తెట్టు కట్టదు. శీకాయ కషాయానికి కాస్త పులుపు గుణం ఉంటుంది కనక జుట్టుని సబ్బంత గరుకు చెయ్యదు. ఈపాటి మేలు చాలు. దీనికి మంత్రాలు అక్కర్లేదు.

నా కోపమంతా సీసా మీది బొమ్మ మీద. కుంకుడు గుత్తి, శీకాయ, మందారం మెరుస్తూ ఉంటాయి. వెనక్కి తిప్పితే అసలు నురుగు ఇచ్చే రసాయనాల పేర్లు ముందుంటాయి, మన కాయలు ఎక్కడో చివరన ఉంటాయి. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతం కన్నా ఎక్కువున్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఏది ఎంత శాతం ఉందో అంకె వెయ్యమని ఆ నిబంధనలు అడగవు. అంటే బొమ్మకి ఎంత చోటైనా ఇవ్వచ్చు, కాయకి చిటికెడు చోటిచ్చినా చాలు. చిటికెడు కాయ కోసం మంచి కాయ ఎవరు కొంటారు? ఏరిన కాయ ఎవరికి కావాలి? ఆ తూకం దగ్గర జవాబు లేని ప్రశ్న మొదలైంది ఇక్కడే.

అందుకని అడగాల్సినవి రెండు చోట్ల ఉన్నాయి. ప్రభుత్వాన్ని అడగాల్సింది: ముందు వైపు ఏ కాయ బొమ్మ వేశారో, ఆ కాయ లోపల ఎంత శాతం ఉందో ఆ బొమ్మ పక్కనే అంకెల్లో వెయ్యాలని నిబంధన తేవాలి. సేకరణ కేంద్రాల్లో ఎండినదానికీ ఏరినదానికీ వేరే ధర బోర్డు మీద రాయాలి. దుకాణంలో మీరు అడగాల్సింది: ఇది ఏ ఏటి కాయ, గింజ తీసి కొట్టిన పొడేనా. రెంటికీ జవాబు చెప్పగలిగినవాడి దగ్గర నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనండి. చెప్పలేనివాడి దగ్గర కొనడం కన్నా రూపాయి షాంపూ నయం. అది కనీసం తను కుంకుడునని చెప్పుకోదు.