పాటగాడు ఏ సీటులో కూర్చున్నాడు?

రండి, కూర్చోండి. ఉగ్గాని వేడిగా ఉంది, మిరపకాయ బజ్జీలు ఇంకా నూనెలోనే ఉన్నాయి. అవి వచ్చేలోపు మా కారు కథ చెబుతాను. కారు కథంటే మైలేజీ గురించో టైర్ల గురించో అనుకునేరు, కాదు. మా కారులో పాట చెడిపోయిన కథ. చెడగొట్టింది ఎలుక కాదు, మెకానిక్కూ కాదు, మా పిల్లలు అంతకన్నా కాదు. రాత్రిపూట ఇంటి ముందు నిలబెట్టిన బండిలోకి గాల్లోంచి దిగిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. బండి ఏ కంపెనీదో మాత్రం అడక్కండి. ఆ షోరూమ్‌లో పనిచేసే పిల్లాడు మా వీధిలోనే ఉంటాడు, పొద్దున లేస్తే మొహం మొహం చూసుకోవాలి.

మాది ఆదోని, అత్తగారి ఊరు ఎమ్మిగనూరు. నడుమ ముప్ఫై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. నల్లరేగడి మీద వేసిన రోడ్డు సంగతి మీకు తెలియంది కాదు. వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, పైనున్న తారు అలలు అలలుగా లేస్తుంది. ఆ అలల మీద ఊగుతూ పోతే నాకు సరిగ్గా తొమ్మిది పాటలు పడతాయి. మూడేళ్లుగా అవే తొమ్మిది, అదే వరస. ఏ గుంత దగ్గర ఏ చరణం వస్తుందో కూడా చెప్పగలను.

ఆ రాత్రి తెర మీద ‘కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది’ అని కనబడింది. ‘సరే’ నొక్కాను. కింద ఏముందో చదవలేదు. మీరు చదువుతారా? నిజం చెప్పండి.

పొద్దున్నే మొదటి పాటకే అనుమానం తగిలింది. మూడేళ్లూ బాలు గొంతు నా ఎదురుగా, స్టీరింగు మీద, అద్దానికి నడిమధ్యన నిలబడి పాడేది. ఆరోజు కుడివైపు తలుపులోకి దూరి కూర్చుంది. తబలా మొద్దుబారినట్టుంది. సౌండు పెంచితే అరుపు పెరిగిందే గాని నిండుదనం రాలేదు. ఊరు దాటకముందే నాకు మూడ్ పాడైపోయింది.

మీకు గుర్తుందో లేదో, పాట పాడైతే బాగుచేయించుకోవడానికి మనకు ఒకప్పుడు ఒక మనిషి ఉండేవాడు. టేపురికార్డరు రోజుల్లో బస్టాండు దగ్గర చిన్న బంకు, అందులో మెకానిక్. పాట మూగబోతే ముందు హెడ్డు తుడిచేవాడు, స్పిరిటులో ముంచిన దూదితో. ఆదోనిలో దూదికేం కరువు? పత్తి మార్కెట్ యార్డూ జిన్నింగు మిల్లులూ ఉన్న ఊరు, వ్యాపారం జోరు చూసి పెద్దలు ‘రెండో బొంబాయి’ అని చెప్పుకున్న ఊరు. తుడిచినా తేరకపోతే అప్పుడు సన్న స్క్రూడ్రైవరు తీసేవాడు. హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉండేది. దాన్ని అటు కొద్దిగా, ఇటు కొద్దిగా తిప్పితే, టేపు మీద హెడ్డు నిటారుగా నిలబడే చోట పాట తళుక్కుమనేది. తిప్పిన ప్రతిసారీ తలెత్తి అడిగేవాడు: “ఇప్పుడు బాగుందా అన్నా?” మనం ఊఁ అంటే ఆపేవాడు, ఊహూఁ అంటే ఇంకాస్త తిప్పేవాడు.

అదీ అప్‌డేటే. కాకపోతే చేసినవాడు ఎదురుగా ఉండేవాడు, అడిగి చేసేవాడు.

ఆరోజు ఎమ్మిగనూరు నుంచి తిరుగు ప్రయాణంలో మా మామ పక్క సీట్లో ఉన్నాడు. ఆదోనిలో కళ్ల డాక్టరుకు చూపించాలి. మామ నేతగాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ల సొసైటీ పేరు మీరు వినే ఉంటారు. 1938లో మాచాని సోమప్ప గారు మొదలుపెట్టింది అదే, 1954లో పద్మశ్రీ అందుకున్నది ఆయనే. మామ చాలాకాలం ఆ సొసైటీకి నేశాడు, కొన్నేళ్లు జాకార్డు మగ్గం మీద కూడా. మగ్గం మీద కూర్చుంటే పోగు తెగిందో లేదో కంటికన్నా ముందు ఆయన చెవికి తెలిసేదట, నాడె పోయే చప్పుడులో తేడా వస్తుందని.

నా గోడు ఆయనకు చెప్పుకున్నాను.

“పెట్టెలు మార్చినారా?” అన్నాడు.

“లేదు మామా. స్పీకర్లు అవే, వైర్లు అవే.”

“మల్ల మారిందేంది?”

“లోపల లెక్కలు మారినాయి.”

మామ కాసేపు బయట పత్తి చేల వైపు చూసి, “ఓహో, అట్టలు మార్చినారన్నమాట!” అన్నాడు.

నేను బండి పక్కకు ఆపాను. నేను ఇంటర్నెట్టులో గంటసేపు వెతికి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. జాకార్డు మగ్గం చూశారు కదా, పైన బెజ్జాలు కొట్టిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. బెజ్జం ఉన్నచోట పడుగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో జాకార్డు అనే ఆయన 1804లో ఈ పద్ధతిని నిలబెట్టాడు. మగ్గం అదే, నూలు అదే, నేసే చెయ్యి అదే. అట్టలు మారిస్తే అంచులో నెమలి పోయి మామిడి పిందె వస్తుంది.

కారులో ఆ అట్టల పని చేసేది డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్, పొట్టిగా డీఎస్పీ. జీపులో వచ్చే పోలీసు డీఎస్పీ కాదు, గోరంత చిప్పు. పాట ఫోను నుంచి స్పీకరుకు పోయే దారిలో ఇది కాపు కాస్తుంది. ఏ స్వరాన్ని ఎంత పెంచాలి, ఎంత తొక్కిపెట్టాలి, ఏది పెద్ద స్పీకరుకు పంపాలి, ఏది చిన్నదానికి, సౌండు ఎంతకు చేరితే స్పీకరు చిరగకుండా పట్టి ఆపాలి, ఇవన్నీ దాంట్లో అంకెలే. చిన్న సౌండులో మన చెవికి బేసు తక్కువగా వినబడుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ సంగతి కొలిచి చెప్పారు. అందుకని సౌండు తగ్గించినప్పుడు బేసును లోపాయికారీగా పెంచే లెక్క ఒకటి. బండి వేగం పెరిగితే రోడ్డు హోరును మించేలా పాటను పెంచే లెక్క ఇంకొకటి. ఒక్క అంకె మారితే చాలు, అదే స్పీకరు వేరే గొంతుతో మాట్లాడుతుంది.

ఒక్కో బండికీ ఈ లెక్క విడిగా ఎందుకంటే, కారు లోపల ఒక వింత గది. అద్దం ధ్వనిని తిప్పికొడుతుంది, సీటు బట్ట తాగేస్తుంది, ఏ రెండు స్పీకర్లూ చెవికి సమదూరంలో ఉండవు. కలకత్తా నుంచి అమెరికాకు వెళ్లిన బెంగాలీ స్వాతంత్ర్య యోధుడి కొడుకు అమర్ బోస్ దీని వెనకాల పడ్డాడు. ఆయన కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి, లోపలి గదిని బట్టి కూర్చిన ఆడియోను 1983 మోడల్ కార్లలో పెట్టింది. ఆ బోస్ పేరే 2019 ఆగస్టులో మన సీమ గడ్డ మీద, పెనుకొండ ఫ్యాక్టరీలో తయారై బయటికొచ్చిన కియా సెల్టోస్‌లో ఎనిమిది స్పీకర్లతో వచ్చింది. నా బండి అది కాదులెండి. బోస్ మొదలుపెట్టిన రోజుల్లో ఆ లెక్కలు ఫ్యాక్టరీ గేటు దాటాక మారేవి కావు. ఇప్పుడు బండి మన ఇంటికి వచ్చాక కూడా మారుతున్నాయి.

మారడం మంచికి కూడా కావచ్చు. అమెరికాలో టెస్లా కార్లకు బయటి స్పీకరులో రకరకాల చప్పుళ్లు వినిపించే సరదా ఒకటి ఉండేది. నడిచివెళ్లేవాళ్లను హెచ్చరించే శబ్దాన్ని అది మింగేస్తుందని 2022 ఫిబ్రవరిలో 5,78,607 బండ్లను రీకాల్ చేశారు. రీకాల్ అంటే ఆరు లక్షల బండ్లు షెడ్డు ముందు వరస కట్టలేదు. ఇళ్ల ముందు నిలబడ్డచోటే అప్‌డేట్ దిగి, బండి కదిలేటప్పుడు ఆ చప్పుళ్లు రాకుండా నోరు కట్టేసింది. అది విని మామ మెచ్చుకున్నాడు. తరవాత ఇంకో మాట అన్నాడు.

“మేం అట్టలు మారిస్తే డిజైనుకు కొత్త నంబరు ఏస్తాము అల్లుడా. పాతదే కావాలంటే పాత నంబరు చెప్పి అడగొచ్చు. నీ బండోళ్లు నంబరు చెప్పినారా?”

చెప్పారు. ‘పనితీరు మెరుగుపరిచాం’ అని ఒక ముక్క కూడా రాశారు. ఏ పని, ఎవరి తీరు, అది మాత్రం లేదు. పాత నంబరు అడుగుదామంటే వెనక్కి పోయే దారీ లేదు.

ఇక్కడ నా పరువు తీసే ముచ్చట ఒకటి ఉంది, దాచను. ఎమ్మిగనూరులో మా బామ్మర్దిని వెనక సీట్లో కూర్చోబెట్టి పరీక్ష పెట్టుకున్నాను. నేను కళ్లు మూసుకుంటాను, వాడు బేసు ఒక మెట్టు పెంచడమో, పెంచినట్టు ఊరికే నటించడమో చేస్తాడు, నేను కనిపెట్టాలి. పది సార్లలో నాలుగు తప్పాను. ఏమీ ముట్టుకోనప్పుడు కూడా “ఆఁ, ఇప్పుడు నిండుగా ఉంది” అన్నానట. వాడు ఆ మాటను ఇంటిల్లిపాదికీ నాటకమాడి చూపించాడు. చెవి అంతే. కొత్తది వచ్చిందని తెలిస్తే కొత్తగా వింటుంది, చెడిపోయిందని నమ్మితే చెడినట్టే వింటుంది. రవ్వంత సౌండు ఎక్కువైతే దాన్నే ‘క్వాలిటీ’ అంటుంది. అందుకే మీకూ ఇలాంటి అనుమానం వస్తే ముందు బండి ఆపి, అదే పాట, అదే ఫోను, అదే సౌండు పెట్టి వినండి. ఫోనును బ్లూటూత్‌తో ఒకసారి, వైరుతో ఒకసారి కలిపి చూడండి. తప్పు కొన్నిసార్లు బండిది కాదు, ఫోనుది. అప్‌డేట్ వేయకముందే ఆడియో సెట్టింగుల తెరను ఫోటో తీసి పెట్టుకోండి. కొన్ని అప్‌డేట్లు పాటను కొత్తగా మార్చవు, మనం ఎప్పుడో మార్చుకున్నదాన్ని మొదటికి తెచ్చి పెడతాయి.

నా బండికి జరిగింది సరిగ్గా అదే. ఆదోని పొలిమేర దగ్గర టీ కోసం ఆగినప్పుడు మెనూలో లోపలికి, ఇంకా లోపలికి పోతే దొరికింది. ‘ధ్వని ఎవరి కోసం?’ అన్న అర్థం వచ్చే ఒక గడి. బండి కొన్న రోజు నేనే దాన్ని ‘డ్రైవరు’ అని పెట్టి మరిచిపోయాను. అప్‌డేట్ దాన్ని ‘అందరూ’ అని మార్చింది.

ఈ గడి చేసే పని తమాషాగా ఉంటుంది. కుడి తలుపు స్పీకరు నా చెవికి ఎనభై సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి, ఎడమది నూట నలభై. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది, మన ఊరి వేసవి నలభై డిగ్రీల్లో అయితే 355 దాకా. ఎలా చూసినా ఎడమ స్పీకరు శబ్దం రెండు మిల్లీసెకన్లకు కాస్త తక్కువ ఆలస్యంగా వస్తుంది. అంత చిన్న తేడాను కూడా చెవి పట్టేస్తుంది, ముందు వచ్చిన వైపే పాటగాడు ఉన్నాడని తీర్మానిస్తుంది. ‘డ్రైవరు’ అని పెడితే డీఎస్పీ కుడి స్పీకరును ఆ కాసేపు ఆపి వదులుతుంది. రెండూ ఒకేసారి నా దగ్గరికి చేరతాయి, పాటగాడు నడిమధ్యకు వస్తాడు.

దొరికింది కదా అని సంబరంగా ‘డ్రైవరు’ నొక్కాను. బాలు మళ్లీ నా ఎదుటికి వచ్చాడు. తబలా కూడా తేరుకున్నట్టే అనిపించింది, అది నిజమో భ్రమో మా బామ్మర్దికే తెలియాలి.

“వచ్చినాడు మామా!” అన్నాను.

మామ టీ గ్లాసు పట్టుకుని ఎడమ తలుపు వైపు చూశాడు. “పోయినాడు కదప్పా,” అన్నాడు.

“యాడికి?”

“మల్ల ఈ తలుపులోకే పాయ. పొద్దున్నుంచి కొంచెం మజ్జెకొచ్చి పాడతాండె. ఇన్నేండ్లకు బండి రిపేరు చేపిచ్చినావేమో అనుకుంటి.”

లెక్క వేసుకుంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకు దగ్గరిది ఎడమ స్పీకరు. కుడిది దూరాన ఉండటం వల్ల ఎలాగూ ఆలస్యం. దానికి నా కోసం పెట్టిన ఆలస్యం తోడైతే ఆయనకు అది రెట్టింపు. నా ఎదుటికి పాటగాణ్ని నేను ఎంత లాక్కుంటే, ఆయన దగ్గర అంతగా తలుపుకు అంటుకుపోతాడు. అప్‌డేట్ నాకు చెడగొట్టిందేదో ఆయనకు బాగుచేసింది.

మూడేళ్లు. ఎన్నిసార్లు ఆ సీట్లో కూర్చున్నాడో. పోగు తెగితే చప్పుడులో పట్టేసే చెవి.

“ముందే చెప్పొచ్చు కదా మామా?” అన్నాను.

“నువ్వు అడగల్యా,” అన్నాడు, తప్పు పట్టినట్టు కాదు, ఊరికే.

టీ గ్లాసు ఇచ్చేసి వచ్చి ఆ గడిని ‘అందరూ’ అని మార్చాను. ఒంటరిగా పోయేటప్పుడు చెయ్యి ‘డ్రైవరు’ మీదికే పోతుంది, అబద్ధమెందుకు. పక్కన మామ ఎక్కితే మాత్రం పాటగాడు నా కుడి తలుపులో కూర్చుని పాడతాడు. పాడనీ.

అదిగో, బజ్జీలు వచ్చాయి. తీసుకోండి. ఉగ్గానిలో ఉప్పు సరిపోయిందా?