బాపు ఫైలు పక్కన

11 ఫిబ్రవరి 2025, మెదక్
స్నానాలగదిలో తెల్ల టైల్స్ మీద ఎర్రటి చార. బాపునడిగాను. "ఎండల తిరిగిన బిడ్డా, వేడి చేసింది. సబ్జ నీళ్లు తాగుతున్న." నెల దాటిందట. నెల!

12 ఫిబ్రవరి
ఫైలు తీశాను. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టించింది 2016లో. అప్పటినుంచి ఆరు నెలలకోసారి పి.ఎస్.ఎ. పరీక్ష, అంకె తక్కువుంటే ఇంటిల్లిపాదికీ ఊరట. కానీ ఆ అంకె చెప్పేది ప్రొస్టేట్ సంగతే. ఆనుకుని ఉన్న మూత్రాశయంలో ఏం జరుగుతున్నదో దానికి తెలియదు. తొమ్మిదేళ్లూ నాకిది తట్టలేదు.

14 ఫిబ్రవరి
రాత్రంతా చదివాను. కిరణాల్లో కొంత పక్కనున్న మూత్రాశయానికీ పురీషనాళానికీ తగులుతుంది. అక్కడ దెబ్బతిన్న కణం క్యాన్సరయ్యేది ఐదేళ్లకో, పదేళ్లకో, ఇంకా తర్వాతో. అమెరికాలో దాదాపు 1,44,000 మంది మాజీ సైనికుల రికార్డులు చూసి 2022లో లెక్క తేల్చారు: కరెంటు పెట్టించుకున్నవాళ్లలో నూటికి 3.7, పెట్టించుకోనివాళ్లలో 2.5 మందికి ఇంకో క్యాన్సర్ వచ్చింది. వెయ్యిమందిలో పన్నెండుమంది ఎక్కువ. ఆపరేషనైతే ఈ భయం లేదు, కానీ మూత్రం ఆగక కారే బాధ ఎక్కువమందికి. ఇదంతా అప్పుడే తెలిసినా కరెంటుకే ఒప్పుకునేవాళ్లం. ఎర్రగా కనబడితే దాచొద్దని మాత్రం ఆనాడే బాపుకి చెప్పి ఉండేదాన్ని.

15 ఫిబ్రవరి
బీడీ. మూత్రాశయ క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం పొగే. దాని విషం మూత్రంలో కలిసి ఆ తిత్తిలోనే గంటలకొద్దీ నిలుస్తుంది. అమ్మ చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది. ఆ ఇంట్లో కూర్చుని బీడీ మానమని బాపుకి చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాను.

19 ఫిబ్రవరి
ఆస్పత్రికి కాచిగూడ రైల్లో వెళ్లాం. బస్సు వద్దన్నాడు, గంటకోసారి లేవాలి కదా. సన్న గొట్టం పెట్టి లోపల చూశారు. గడ్డ లేదు. ఎప్పటి కరెంటుకో గోడ పలచబడి, సన్న నరాలు చిట్లి రక్తం వస్తున్నదట. చూడకముందు ఇదా అదా అని ఎవరూ చెప్పలేరన్నాడు డాక్టరు. తిరుగురైల్లో బాపు నిద్రపోయాడు. నేను ఏడ్చాను.

26 ఫిబ్రవరి, శివరాత్రి
ఏడుపాయల జాతరలో బాపు దోస్తు కలిశాడు. ఆయనకీ ప్రొస్టేటే, ఆయనకీ కరెంటే. బాపు ఆయన్ను జనంలోంచి చెట్టు పక్కకు తీసుకుపోయాడు. "ఉచ్చ ఎర్రగొస్తే వేడి అనుకోకురా. ఆ దినమే చెప్పు ఇంట్ల."