నువ్వొకటి తీసి చూపియ్

చిన్న పత్రికలో కథ వేస్తే ఒక్క ఉత్తరం వచ్చినా గొప్పే. కవితకు అదీ రాదు. కవి స్వయంగా నలుగురికీ ఫోన్ చేసి అడిగితే "చూసినం, బాగున్నది" అంటారు. అదే సినిమా మీద రెండు పేజీలు వేయండి, పోస్ట్‌మాన్‌కు పని తగులుతుంది. సంతోషించవలసిన సంగతే. కాని ఆ ఉత్తరాలు విప్పి చదివితే అందులో సినిమా ఉండదు, రాసిన రెండు పేజీలూ ఉండవు. రాసినవాడు మాత్రం ఉంటాడు. వాడెవడు, ఎక్కడివాడు, వాడికేం తెలుసు!

నేను కామర్స్ చదివినవాణ్ణి. సాహిత్యశాస్త్రం నాకు రాదు. ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో తప్పులు పట్టడం, పట్టించుకోవడం రెండూ చేశాను గనుక ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

సంగతి 2023 నాటిది. ఆ ఏడు మార్చి 3న 'బలగం' సినిమా విడుదలైంది. వేణు యెల్దండి తీశాడు. సిరిసిల్ల మనిషి. సినిమా తీసింది కూడా ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే. భివండీ పద్మనగర్‌లో ఉన్న మనవాళ్ళకు సిరిసిల్ల అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తాతలో తండ్రులో సాంచాల మీద పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇళ్ళు మావి. అక్కడా అవే సాంచాలు, అదే చప్పుడు. ఊళ్ళలో తెర కట్టి అందరూ కలిసి ఆ సినిమా చూశారని, చూసి విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారని పేపర్లలో వచ్చింది. ఇక్కడ మా వీధిలోనూ అంతే. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చిన మనిషి స్నానం కూడా చేయకుండా కూర్చుని చూశాడు.

కథ అందరికీ తెలిసిందే. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఇరవై ఏళ్ళ కింద నల్లి బొక్క దగ్గర మొదలైన తగాదాతో అల్లుడు అలిగి పోయాడు, అప్పటినుంచి ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కలేదు. చివర బుడగజంగాల పాటతో, మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గొంతుతో, ఇల్లంతా కరిగిపోతుంది.

మా దగ్గర ఒక కుర్రవాడున్నాడు. నూలు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు. మరాఠీ మాధ్యమంలో చదివినా తెలుగు ఇంట్లో నేర్చుకుని, పట్టుదలగా రాయడం కూడా నేర్చుకున్నవాడు. అలాంటివాళ్ళు భివండీలో ఎందరున్నారో నా చేతివేళ్ళ మీద లెక్కపెడితే ఇంకా వేళ్ళు మిగులుతాయి. అతను 'బలగం' మీద రెండు పేజీలు రాశాడు. మన పత్రిక లాంటి చిన్న పత్రికే వేసింది. సోదర పత్రిక, పేరెందుకు!

అతను సినిమాను తిట్టలేదు. యాసను మెచ్చాడు, చావు ఇంటి తంతును ఇంత దగ్గరగా చూపినందుకు మెచ్చాడు. చివరి పేరాలో ఒక అభ్యంతరం పెట్టాడు. మగవాళ్ళ పౌరుషాలకు సినిమాలో చాలినంత చోటు దొరికింది, ఇరవై ఏళ్ళు పుట్టిల్లు చూడని ఆడమనిషి లోపల ఏముందో మాత్రం సినిమా ఆగి చూడలేదు, ఆ బరువంతా చివరి పాట మీద వేసి దాటించింది అన్నాడు. ఇంకో మాట కూడా రాశాడు. కాకి తీర్పు చెప్పింది గనుక ఎవరూ ఎవరినీ నోరు తెరిచి క్షమించమని అడగనక్కర లేకపోయింది అని.

ఆ మాట సరైనదా కాదా అన్నది వేరే విషయం. నాకు సగం సరైనదే అనిపించింది. ఇక్కడ చెప్పవలసింది తర్వాత జరిగినది.

మొదటి రకం ఉత్తరాలు పాతకాలపు బాణం వేశాయి. "నువ్వొకటి తీసి చూపియ్ రాదు?" ఇది భివండీలో పుట్టిన మాట కాదు. సినిమా పుట్టిన నాటినుంచి ఉన్న మాటే. ముంబయిలో 1935లో బాబూరావ్ పటేల్ 'ఫిల్మ్ఇండియా' మొదలుపెట్టి పెద్ద పెద్ద నిర్మాతలను చీల్చి చెండాడాడు. పాఠకుల ప్రశ్నలకు ఆయన ఇచ్చే జవాబుల కోసమే పత్రిక కొనేవాళ్ళుండేవారు. తీసి చూపించమన్నారు కాబోలు, తీసి చూపించాడు. 1944లో 'ద్రౌపది', 1946లో 'గ్వాలన్'. రెండూ నిలవలేదు. మరి ఆ రెండూ పోయాయి గనుక అంతకుముందు ఆయన బాగాలేవన్న సినిమాలన్నీ రాత్రికి రాత్రి బాగయిపోయాయా? మన తెలుగులో ముళ్ళపూడి వెంకటరమణ 1950లలో ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసి, తర్వాత 'సాక్షి', 'ముత్యాల ముగ్గు' వంటి సినిమాలకు తానే రచయిత అయ్యారు. ఆయన సినిమాలు బాగున్నాయి గనుక పాత సమీక్షల్లో ప్రతి మాటా వేదమవుతుందా? కె.ఎన్.టి. శాస్త్రి విమర్శకుడిగా పేరు తెచ్చుకుని 'తిలాదానం' తీశారు. అది వారి ఓపిక, వారి అదృష్టం. సమీక్ష సరైనదో కాదో తేల్చడానికి సినిమాను పక్కన పెట్టుకుని చూడాలి గాని సమీక్షకుడి చేతిలో కెమెరా ఉందా అని వెతికితే ఎట్లా!

రెండవ రకం ఉత్తరాలను నేను ఇంత తేలిగ్గా తీసేయలేను. "ఇన్నేండ్లకు మన సినిమా ఒకటొచ్చింది. మనోడే తప్పు పడితే బయటోళ్ళకు కట్టె అందిచ్చినట్టు కాదా?" అని వాటి సారం. ఈ బాధ ఉత్తది కాదు. దశాబ్దాల తరబడి తెలుగు సినిమాలో మన యాస ఎవరి నోట వినిపించింది? రౌడీ నోట, నవ్వించే నౌకరు నోట. కథానాయకుడు పుస్తకాల భాష మాట్లాడేవాడు. మా నాన్నగారు వీడియోలో సినిమా చూస్తూ అందరూ నవ్వినచోట తాను నవ్వకుండా ఊరుకునేవారు. నాకప్పుడు కారణం అర్థమయ్యేది కాదు. అటువంటి జనానికి తమ మాట, తమ చావు, తమ తినడం తాగడం తెర మీద మర్యాదగా కనిపిస్తే, దాని మీద ఈగ వాలనివ్వరు. సహజం. ఐతే తమ సినిమా గనుక ఒక్క మాటకూడా అనకూడదంటే, దాన్ని ఇంకా పసిపిల్లగానే చూస్తున్నట్టు. 'బలగం' పసిపిల్ల కాదు. ఒక అభ్యంతరానికి పడిపోయేంత బలహీనమైనదీ కాదు.

మూడవ రకం ఉత్తరాలు అచ్చుకు రాలేదు. అవి నోటిమాటగా తిరిగాయి. ఆ కుర్రవాడి ఇంట్లో మేనత్తతో ఏదో ఆస్తి తగాదా ఉండేదట. అందుకే ఆడబిడ్డ పక్షం రాశాడని కొందరు, అత్త చెప్పి రాయించిందని ఇంకొందరు. ఒక పెళ్ళిలో వాళ్ళమ్మను పట్టుకుని, "ఏందక్కా, మీ ఇంటి ముచ్చట పత్రికల కెక్కిచ్చిండట నీ కొడుకు?" అని అడిగారు. ఆమెకు చదువు రాదు. కొడుకు ఏం రాశాడో ఆమెకు తెలియదు. ఇంటికి వచ్చి అన్నం తినలేదట.

పెద్ద ఊళ్ళో, పెద్ద పత్రికలో సమీక్ష రాసేవాడికి ఈ ప్రమాదం ఇంతగా లేదు. 2019లో 'కబీర్ సింగ్' మీద వచ్చిన విమర్శలకు మన వరంగల్ వాడే సందీప్ రెడ్డి వంగా ఇంటర్వ్యూల్లో గట్టిగా ఎదురు తిరిగాడు. పోట్లాట పోట్లాటే, కాని రెండు వైపులా పేరున్నవాళ్ళు, మర్నాడు ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. 2024 డిసెంబరులో సినిమా విడుదలైన మూడు రోజులదాకా సమీక్షలు రాకుండా ఆపాలని తమిళ నిర్మాతలు కోరితే మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. అక్కడ హైకోర్టు అడ్డం నిలబడింది. పద్మనగర్‌లో పెళ్ళిపందిట్లో వాళ్ళమ్మకు ఎవరు అడ్డం నిలబడతారు?

ఇంతవరకు పాఠకుల సంగతి. రాసినవాడి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఖాతా ఒకవైపే రాసినట్టవుతుంది. అతను మరుసటి నెల జవాబు రాశాడు. అచ్చయిన నాలుగు ఉత్తరాల్లో మూడింటిని వదిలేసి, అన్నిటికన్నా మొరటుగా ఉన్న నాలుగో ఉత్తరాన్ని పట్టుకున్నాడు. సినిమా చూడటం వేరు, సినిమా చదవడం వేరు, ఆ రెండోది రానివాళ్ళతో వాదన అనవసరం అన్నాడు. రోషంతో రాసినదని తెలుస్తూనే ఉంది. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చి సినిమా చూసి ఏడ్చిన మనిషికి, నీకు చూడటం రాదు అని చెబితే ఎట్లా ఉంటుంది? ఆ సంచికతోనే సంపాదకుడు కింద ఒక గీత గీసి, ఈ చర్చ ఇంతటితో సమాప్తం అని వేశాడు. అన్ని పత్రికల్లో వేసే వాక్యమే. ఆ వాక్యం అచ్చయ్యాక ఒక ఉత్తరం వచ్చింది.

ఒక పెద్దాయన రాశాడు. జీవితమంతా సాంచాల మీద పనిచేసి, ఇప్పుడు చెవులు సరిగా వినిపించని మనిషి. ఆ ఉత్తరం నేను చూశాను. సారం ఇది. "తమ్మీ, ఆడబిడ్డ మనసు చూపలేదని రాసినవు. నేను అట్లాంటి అక్కకు తమ్మున్ని. పాట మొదలైనప్పుడు తెర మీదున్న మొఖాలు నాకు కనబడలే. మా అక్క మొఖం కనబడ్డది. సినిమా చూపకపోవట్టికే నాకు కనబడ్డదేమో. ఆ ఆడమనిషిని దగ్గరగ చూపిస్తే, నేను ఆమెను చూసేటోన్ని, మా అక్కను చూడకపోదును. కాకి గురించి మాత్రం నువ్వు రాసింది నిజమే. మేం ఇంకా నోరు తెరిచి అడగలే."

ఇంతకన్నా మంచి జవాబు ఏ విమర్శకుడికీ రాదు. అందులో ఒప్పుకోలు ఉంది, కాదనడం ఉంది. రెండూ సమీక్షలోని వాక్యాలకే. ఎవరి తండ్రి పేరూ లేదు. ఆ ఉత్తరం అచ్చు కాలేదు. చర్చ సమాప్తమైంది గదా!

బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ జరిగితే నివేదిక పేరాల వారీగా వస్తుంది. ఫలానా ఖాతాలో స్టాక్ స్టేట్‌మెంట్ పాతది అని రాస్తాడు. మేము ఆ పేరా కిందనే జవాబు రాస్తాం. కొత్తది తెప్పించామనో, మీరు చూసిన కాగితం కాదు, ఫైలులో వెనక ఉన్నది చూడండనో. "ఈయన ఎప్పుడైనా బ్రాంచి నడిపాడా?" అని మేమూ అంటాం, అనకపోవడమేమిటి! చాయ్ దగ్గర అంటాం. కాగితం మీద మాత్రం రాయం. రాసినా పై ఆఫీసులో చెల్లదు. ఇన్‌స్పెక్టరు కూడా మేనేజరుకు లెక్కలు చదవడం రాదని రాయడు. ఏ పేజీలో ఏ అంకె తప్పో రాస్తాడు.

కార్ఖానాల్లో ఇంకా బాగా చూశాను. తాకా విప్పి బల్ల మీద పరిచి, వెలుతురులో చూస్తూ వస్తారు. పోగు తెగినచోట వేలు పెడతారు. నేసినవాడు ఊరుకోడు. నూలు మంచిది కాదంటాడు, బీమ్ సరిగా కట్టలేదంటాడు, కరెంటు పోయి వచ్చిందంటాడు. మెహతాజీ కాదంటాడు. అరుపులవుతాయి, కూలి కోత మాటా వస్తుంది. న్యాయం ఎప్పుడూ జరుగుతుందని నేననను. కాని ఎంత అరుచుకున్నా బట్ట ఇద్దరి మధ్యా పరిచే ఉంటుంది. వేలు పెట్టినచోటును ఇద్దరూ చూస్తూనే అరుస్తారు. సినిమా మీద వాదనలో మొట్టమొదట మడిచి లోపల పెట్టేది ఆ బట్టనే.

కొడవటిగంటి కుటుంబరావు గారు 'చందమామ'కు రాకముందు 'కినిమా' పత్రిక నడిపారు. ఆ తర్వాత కూడా సినిమా గురించి ఏళ్ళతరబడి రాశారు. వారి అబ్బాయి రోహిణీప్రసాద్ గారు మన ముంబయిలోనే భాభా అణుకేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేశారు. 2012లో కన్నుమూశారు. సినిమా పాటల సంగీతం మీద ఆయన రాసిన వ్యాసాలు చదివితే, పాట బాగుందని ఊరికే అనరు. ఏ రాగం, ఏ వాద్యం, ఏ చోట ఏమి మారిందో చెబుతారు. కాదనదలచుకుంటే ఆ పాట వేసుకుని విని కాదనవచ్చు. కాదనేవాడికి చోటు చూపించి రాయడం అది. మా కుర్రవాడి మొదటి వ్యాసంలో ఆ గుణం కొంత ఉంది. రెండో దానిలో లేదు.

ఆ తర్వాత అతను రాయడం మానేశాడు. మూడేళ్ళు కావస్తోంది. తెలుగు చదివే పిల్లలే తగ్గిపోతున్న ఊళ్ళో, రాసే ఒక్కడు మానేస్తే ఆ ఖాళీలోకి ఇంకొకడు రాడు. పెద్దాయన ఉత్తరం సంపాదకుడు అతనికే పంపించాడట. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని నాకు తర్వాత తెలిసింది. నేను చదివింది ఆ మడతలు పడిన కాగితమే.

మొన్న చెక్కు వేయడానికి బ్రాంచికి వచ్చినప్పుడు అడిగాను, మళ్ళీ ఎప్పుడు రాస్తావని.

"రాస్త సార్, కానీ పేరెయ్యద్దు. మా అమ్మను ఎవరన్న అడుగుతరు" అన్నాడు.

సంతకం లేని వోచరు పాస్ చేసే అలవాటు నాకు లేదన్నాను. నవ్వాడు. పెద్దాయనకు జవాబైనా రాశావా అంటే, రెండుసార్లు మొదలుపెట్టానన్నాడు. అప్పటికి క్యూలో వెనక ఉన్నవాళ్ళు తొందరపెడుతున్నారు.