కొండదారికి తోలు బూట్లు

బూట్ల గురించి కూడా రాయాలా అని కొందరు నవ్వవచ్చు. కాని చీకట్లో పొలానికి నీళ్లు కట్టబోయే వారికి, కొండ ఎక్కి దిగి బతికే వారికి ఇది నవ్వులాట కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో పరిశోధకులు లెక్కకట్టారు. అంటే ఏటా సగటున 58,000 మంది. వారిలో ఎక్కువమంది పల్లెల వారే. కాటు ఎక్కువగా పడేది కాలిమీదనే. చీలమండ దాటి పైకి వచ్చే దళసరి తోలు బూటు ఉంటే కొంత కాపుదల. చేతిలో టార్చిలైటు మాత్రం ఎలాగూ ఉండవలసిందే.

మేమిద్దరం పాడేరు కొండలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, రిటైరైన తరువాత కూడా అక్కడే ఉండిపోయాం. రోడ్డు లేని ఊళ్లకు వారంలో రెండు మూడు సార్లు నడుస్తాం. దారిలో గెడ్డలు దాటాలి, వానాకాలం ఎర్రమట్టి జారుతుంది. పైగా మాలో ఒకరికి షుగరు. అరికాళ్లలో స్పర్శ తగ్గిపోయింది. ముల్లు దిగినా తెలియదు. అందుచేత మా ఇంట్లో బూట్లు కొనడం పెళ్లి సంబంధం చూసినంత పని.

మొదట తోలు. గేదె తోలు గాని ఆవు తోలు గాని, వెంట్రుకలు ఉండే పైపొర చాలా గట్టిది. పోగులు దగ్గర దగ్గరగా అల్లుకొని ఉంటాయి. దళసరి తోలును మందంలో చీల్చినప్పుడు వచ్చే అడుగుపొరలో ఆ బలం ఉండదు. దానిమీద ప్లాస్టిక్ పూత పూసి, అచ్చు గుద్ది, నునుపుగా చేసి అమ్ముతారు. అదీ తోలే కనుక ‘అసలు తోలు’ అన్న ముద్ర వేయడం అబద్ధమేమీ కాదు! బొటనవేలితో నొక్కి వంచి చూడండి. పైపొర అయితే సన్నని ముడతలు పడి, వదలగానే చాలావరకు సర్దుకొంటాయి. పూత అయితే ఒకే మందపాటి గీత పడుతుంది, నాలుగు నెలలకు అక్కడే పగులుతుంది. మచ్చలూ గీతలూ లేని తోలు కోసం వెతకనక్కరలేదు. పశువు ముళ్లకంపల్లో తిరిగిన గుర్తులు కొద్దిగా కనబడితే మాకు నమ్మకం కలుగుతుంది.

పూర్వం మన ఊళ్లలో తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో వారాల తరబడి ఉంచి పదును చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం ఉప్పులతో కొద్ది రోజులలోనే అయిపోతుంది. అది మెత్తగా ఉంటుంది, తడికి కొంత ఓర్చుకొంటుంది. మన సంఘాలలో ఎన్ని కుటుంబాల తాతముత్తాతలు ఆ లంద దగ్గర చేతులు కాయలు కాయించుకొన్నారో మనకు తెలుసు. వారు కుట్టిన చెప్పులు తొడుక్కొన్న ఊరు వారిని మాత్రం వెలుపలే ఉంచింది. తోలు గురించి మాట్లాడుతూ ఈ మాట దాటవేయడం మాకు ఇష్టం లేదు.

తరువాత చూడవలసినది సోలు. ఇది మాకు నేర్పినవాడు సంతలో గొడుగు పాతుకొని కూర్చునే పెద్దాయన. “కుట్టిందైతే ఇప్పి మళ్లీ కుడతాను మేష్టారూ. అతికించిందైతే నేనేటి సేత్తాను బాబూ?” అన్నాడు. మంచి బూటులో పైతోలుకూ సోలుకూ నడుమ చుట్టూ ఒక తోలుపట్టీ ఉంటుంది. సోలును ఆ పట్టీకి కుడతారు. అరిగినప్పుడు ఆ కుట్టు విప్పి కొత్త సోలు వేస్తే పైతోలు చెక్కు చెదరదు. కొన్నింటికి రబ్బరులోనే కుట్టులా అచ్చు పోస్తారు, మోసపోవద్దు. దారం నిజంగా లోపలికి దిగిందో లేదో గోటితో చూడాలి. మేము 2016లో కొన్న జతకు ఆయన ఇప్పటికి రెండుసార్లు సోలు మార్చాడు.

అంతకు ముందు మా అమ్మాయి పంపిన జత ఒకటి ఉండేది. చాలా తేలిక. పండుగకు తొడుక్కొందామని పెట్టెలో దాచాం. నాలుగేళ్లకు తీసి తొడిగితే గెడ్డ దాటక ముందే సోలు అటుకుల్లా రాలిపోయింది. పాలియురితేన్ అనే ఆ నురగ పదార్థాన్ని గాలిలోని తేమే మెల్లగా తినేస్తుంది, వాడకపోయినా సరే. పాపం, అమ్మాయి ఎంతో ముచ్చటపడి పంపింది.

కొలత విషయంలో తొందర పనికిరాదు. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది కనుక ఆ వేళకే వెళ్లండి. తొడిగే మేజోళ్లు వెంట తీసుకొని పోండి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు, పెద్దదానికి సరిపోవాలి. తాడు కట్టకుండా పాదం ముందుకు తోస్తే మడమ వెనుక ఒక వేలు దూరాలి. తాడు బిగించి కొట్టు మెట్లు దిగి చూడండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగిలితే ఆ బూటు కొండ దిగుడుకు పనికిరాదు, గోళ్లు నల్లబడతాయి. దుకాణదారు విసుక్కొంటాడు. విసుక్కోనివ్వండి, నడిచేది మనం!

షుగరు ఉన్నవారి సంగతి వేరు. 1950లలో వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠురోగుల పాదాలను పరిశీలించి, నొప్పి తెలియకపోవడమే ఆ పుండ్లకు ముఖ్య కారణమని చూపించారు. అలాంటి పాదాల కోసం వాడే మైక్రోసెల్యులర్ రబ్బరు అట్ట షుగరు రోగులకూ మేలు చేస్తుంది. డాక్టరు చెప్పిన మీదట మేమూ అది వేయించి, దాని మందానికి తగినట్లు ఒక సైజు పెంచాం. కొత్త బూటును మొదట అరగంటే తొడిగి, విప్పి, పాదం ఎర్రబడిందేమో రెండవవారు చూస్తారు. తొడిగే ముందు బోర్లించి దులిపి, లోపల చేతితో తడుముతాం. ఒకసారి తేలు పడింది, మరోసారి గులకరాయి. తేలు సంగతి సరే, ఆ గులకరాయితో రోజంతా నడిచి ఉంటే కాలే పోయేది.

తడిసిన బూట్లను పొయ్యి దగ్గర పెట్టకండి. తోలు బిగుసుకొని పగులుతుంది. పాత వార్తాపత్రిక ఉండలు కుక్కి, గంటకొకసారి మారుస్తూ నీడన ఆరబెట్టాలి. తరువాత కొంచెం మైనం పాలిష్ చాలు.

మా బూట్ల పైతోలు ఇంకా గట్టిగానే ఉంది. మడమ దగ్గర సోలు మాత్రం మళ్లీ అరిగింది. కిందటి రెండు సంతలకూ పెద్దాయన రాలేదు. కొడుకులిద్దరూ ఆటోలు నడుపుతున్నారు, ఆ పని నేర్చుకోలేదు. ఆయన గొడుగు పాతే చోట ఎవరో ప్లాస్టిక్ చెప్పులు కుప్ప పోసి అమ్ముతున్నారు. ఈ వారం ఆయన ఊరికి నడిచి వెళ్లి చూసి రావాలనుకొంటున్నాం.